టిక్ టాక్ టో తొలి ఆల్బమ్: ఏళ్ల తరబడి విన్న తర్వాత నా అభిప్రాయం

టిక్ టాక్ టో ముగ్గురు అమ్మాయిల జర్మన్ ర్యాప్ బృందం. జర్మనీలో వారి ఈ తొలి ఆల్బమ్ ప్రస్తావన తెస్తే చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేవి అందులోని తిట్లే. 1995లో వచ్చిన 'ఇష్ ఫిండ్ డిష్ షైసె', మరుసటి ఏడాది వచ్చిన 'ఫెర్‌పిస్ డిష్' పాటలకు పేర్లే తిట్లు కావడంతో 1996 నాటి ఈ ఆల్బమ్ మొత్తానికీ ఆ ముద్ర పడిపోయింది. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఈ సీడీని దాచుకున్నది 'లెక్ మిష్ ఆమ్ ఆ, బే, త్సే' అనే ఒక్క పాట కోసం. దాని పేరూ తిట్టే గానీ, లోపల ఉన్నది ఆడపిల్లను కన్న తల్లి చెప్పాలనుకుని, నోరు పెగలక ఊరుకునే మాట.

పెళ్లయి జర్మనీలోని రూర్ ప్రాంతానికి వచ్చిన కొత్తలో, తరగతిలో నేర్చుకున్న జర్మన్ నాకు వీధిలో అక్కరకు వచ్చేది కాదు. ట్రాములో పిల్లలు సగం అక్షరాలు మింగేస్తూ, ఒకరినొకరు దెప్పుకుంటూ మాట్లాడుకునేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. లీ, జాజ్జీ, రికీ అనే ఈ ముగ్గురూ ఈ ప్రాంతం నుంచే వచ్చినవారు కావడంతో, వారి ర్యాప్‌లో నాకు వినిపించింది ఆ ట్రాము మాటల పలుకుబడే. చరణాలు గడగడా సాగిపోయినా, పల్లవి దగ్గర రాగం నిలబడి ప్రతి పదమూ విడిగా చెవిన పడుతుంది. అక్కడ పట్టు దొరికాక వెనక్కి వెళ్లి చరణం వినడం అలవాటైంది. నా చెవికి జర్మన్ అలవాటు చేసింది ఈ ముగ్గురే అని అప్పట్లో అందరికీ చెప్పేదాన్ని.

భాష పట్టుబడిన కొద్దీ ఆ పాట లోపలి విషయం తెలిసివచ్చింది. కండోమ్ లేకుండానే కానిద్దామనే కుర్రాడిని ఒక అమ్మాయి నిర్మొహమాటంగా సాగనంపడమే అందులోని కథ. ఆమె భయపడదు, బతిమాలదు, నీతులు చెప్పదు. తన ఒంటి విషయంలో తనదే ఆఖరి మాట అన్నట్టు మాట్లాడి ఊరుకుంటుంది. ఇక్కడ ప్రభుత్వం 1987 నుంచే ఎయిడ్స్ గురించి దేశవ్యాప్తంగా ప్రచారం నడుపుతోంది కాబట్టి విషయం జనానికి కొత్త కాదు. కొత్తదనం అది ఒక అమ్మాయి నోట, పిల్లలు ఎగబడి వినే పాటగా రావడంలో ఉంది. 2000 దశకం తొలి ఏళ్లలో మన ఊళ్లలో 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అనే హోర్డింగులు వెలిసినప్పుడు అందరూ పులిరాజా ఎవరని ఆరా తీశారు. ఆ ప్రశ్న మగవాడి గురించే. పులిరాజా ఎదుట నిలబడి 'కుదరదు' అనే స్త్రీకి ఏ హోర్డింగు మీదా చోటు దొరికినట్టు నాకు గుర్తు లేదు. ఈ పాటలో ఉన్నది ఆ స్త్రీయే.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు కారులో ఈ పాట మొదలైంది. నా చేయి అప్రయత్నంగా సౌండ్ తగ్గించడానికి వెళ్లింది.

"ఉండనీ అమ్మా, ఇది మాకు బడిలో చెప్పిందేగా. నీకెప్పుడు చెప్పారు?" అంది.

మా బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు టీచరు పేజీలు తిప్పేసి "ఇది ఇంట్లో చదువుకోండి" అన్నారని, ఇంట్లో ఆ పేజీలు తెరిచే ధైర్యం నాకు లేకపోయిందని చెప్పాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి అబ్బాయి వినకపోతే ఏం చేయాలి?" అని అడిగింది. ఇల్లు చేరాక కారు దిగకుండా చాలాసేపు మాట్లాడుకున్నాం. మా అమ్మతో నేను ఏనాడూ మాట్లాడలేకపోయిన సంగతులన్నీ ఆ పూట మాటల్లోకి వచ్చాయి. ఈ ఆల్బమ్ మీద నాకున్న మమకారానికి అసలు కారణం అదే.

అయితే అమ్మాయిల సొంత గొంతు అని నేను మురిసిపోయిన ఈ పాటల రచనలో నిర్మాత థార్స్టెన్ బోర్గర్ పాత్ర పెద్దది. పత్రికలకు చెప్పిన వయసులు కూడా అసలు వయసుల కంటే తక్కువని తర్వాత బయటపడింది. ఆ మాటల బలం నాకు తగ్గలేదు గానీ, వాటిని పదహారేళ్ల పిల్లల డైరీలాగా వినడం మానేశాను. 1997లో మ్యూనిక్ విలేకరుల సమావేశంలో ముగ్గురూ కెమెరాల ముందే కన్నీళ్లతో గొడవపడ్డారు. ఆ దృశ్యం చూశాక, పాటల్లో ఒకరి మాటను మరొకరు అందుకునే చోట్ల మునుపటి నిశ్చింత నాకు రాదు. సంగీతం విషయానికి వస్తే, మొదట హుషారుగా అనిపించిన కీబోర్డులు, యంత్రపు డ్రమ్ములు ఈనాడు పాతబడ్డాయి. సింగిల్స్‌గా వచ్చిన పాటలను పక్కన పెడితే ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినడం నాకు ఈ మధ్య అరుదైపోయింది.

ర్యాప్‌లో పదాల పొందికను, లయ విన్యాసాన్ని కోరుకునేవారికి ఇది పలచగా తోచవచ్చు. అలాంటివారు దీని కంటే ముందు 1992లోనే జర్మన్ ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చిన ఫాంటాస్టిషెన్ ఫియర్ అనే బృందంతో మొదలుపెట్టడం మేలని మా అమ్మాయి అభిప్రాయం. అది సబబే కావచ్చు. జర్మన్ బొత్తిగా రానివారికి పల్లవుల హుషారు తప్ప మిగిలేది తక్కువ. ఇక్కడ స్థిరపడి, ఎదిగే ఆడపిల్లలతో జర్మన్‌లోనే ఎక్కువగా మాట్లాడవలసి వస్తున్న తెలుగు తల్లులకైతే, కనీసం ఆ ఒక్క పాటనైనా పిల్లలు పక్కన ఉండగా, సౌండ్ తగ్గించకుండా వినమని చెబుతాను.