అమృతరావు ఇల్లా, హోమర్ ఇల్లా?

తిరుపతి కొర్లగుంటలో అద్దెకున్న రోజుల్లో, ఒకటో తారీఖు దాటిందంటే మెట్ల మీద ఓనరు చెప్పుల చప్పుడుకే మా నాయన టీవీ సౌండు తగ్గించేసేవాడు. అందుకే ‘అమృతం’లో ఇంటి ఓనరు అప్పాజీ కనిపిస్తే మాకు నవ్వుతో పాటు కొంచెం టెన్షన్ కూడా. 2001లో జెమినీలో మొదలైన ఆ సీరియల్లో హోటలు సరిగ్గా నడవదు, ప్లాన్లు పారవు, అయినా అమృతరావు, ఆంజనేయులు మళ్ళీ ఇంకోటేదో నెత్తికెత్తుకుంటారు. అచ్చం మా వీధి మనుషులే.

1989లో మొదలైన అమెరికా కార్టూన్ సీరియల్ ‘ది సింప్సన్స్’లో ఇల్లు సొంతం, ఇంటాయన హోమర్‌కి అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం, కానీ తాతను మాత్రం వృద్ధాశ్రమంలో పెట్టేశారు. "ఇదేం నవ్వులాటరా" అనింది మా అవ్వ. బొమ్మలు కదా, హోమర్ కొడుకు బార్ట్‌కి ఎప్పటికీ 10 ఏళ్ళే. అమృతరావు వేషానికైతే ముగ్గురు నటులు మారారు.

వెక్కిరింపులో సింప్సన్స్‌దే పైచేయి. బడి, చర్చి, పోలీసులు, చివరికి తమను ప్రసారం చేసే ఫాక్స్ ఛానెల్‌ను కూడా వదలరు. అమృతంలో అంత కారం లేదు, ఒప్పుకుంటా. అయినా రాత్రి అందరం కింద కూర్చుని అన్నం తింటూ చూడాలంటే మాత్రం నా ఓటు అప్పాజీ అద్దె వాటాకే.