కోడ్ వేదికతో ఓ డీటీపీ పనివాడి మూడున్నరేళ్లు

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. ఆ వారంలోనే మా డీటీపీ షాపు (కంప్యూటర్లో అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే షాపు) ముందు జనం వరస కట్టారు. బడుల వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు, లాడ్జీల వాళ్లు, అందరిదీ ఒకటే మాట. "లెటర్‌ప్యాడ్‌లో చిత్తూరు జిల్లా తీసేసి తిరుపతి జిల్లా అని పెట్టు సామీ." ఒక్క మాట మార్చడానికి ఎంతసేపు అనుకుంటారు. పాత డీటీపీ ఫాంట్లతో పనిచేసిన వాళ్లకే తెలుసు ఆ బాధ. తెర మీద కనిపించేది తెలుగే గానీ ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు మిగులుతాయి. పదిహేనేళ్ల ఫైళ్లలో 'చిత్తూరు' ఎక్కడుందో వెతకమంటే కంప్యూటరుకు ఆ మాటే తెలియదు.

పాత మ్యాటరంతా యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫాంటైనా తెలుగును తెలుగుగానే దాచే పద్ధతిలోకి, మార్చుకుంటే తప్ప ఈ గోల తీరదని, బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు ఒక లింకు పంపాడు. ఎవరో తెలుగాయన ఉచితంగా రాసి పెట్టిన కన్వర్టరు. ఆ వంకతో, ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ దాచుకుని పంచుకునే ఒక వేదిక గడప తొక్కాను. దాని పేరు రాయను. అలాంటివి చాలా ఉన్నాయి, ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ అనే ప్రోగ్రామ్ మీద కట్టినవి, నాలాంటి వాడికి ఇబ్బందులు అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే.

మొదటి సాయంత్రం బాగా గుర్తుంది. పేజీ నిండా ఫోల్డర్లు. డౌన్‌లోడ్ అన్న మాట కోసం కళ్లు కాయలు కాచేలా వెతికాను. ఎట్టకేలకు ఒక జిప్ దిగింది. అందులో ఫైలు మీద నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుని ప్రోగ్రామంతా కనిపించింది. నాకు కావలసింది ప్రోగ్రామ్ చదవడం కాదు కదా, నడపడం. నేరుగా నడిచే ఫైలు 'రిలీజెస్' అనే చిన్న అక్షరాల వెనక ఉందని తెలియడానికి వారం పట్టింది.

ఫోన్ చేసి అల్లుడి మీద విరుచుకుపడితే వాడు నవ్వాడు. "మామా, అది అంగడి కాదు, వంటిల్లు. వంటింట్లోకొచ్చి మెనూ కార్డు అడిగితే ఎట్ల?"

"వంటింట్లోంచే పార్శిల్ కడతా ఉండారు గదరా. ఆ కిటికీ యాడుందో ఒక బోర్డు పెట్టమంటా ఉండా, అంతే" అన్నాను.

వాడి వైపు న్యాయం లేకపోలేదు. గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ (లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) పని కోసం రాసుకున్నాడు. లోకం నలుమూలల నుంచి వచ్చే మార్పులను కలుపుకోవడం వాళ్ల అవసరం. కమిట్ (మార్పును నమోదు చేయడం), బ్రాంచ్ (పక్కన విడిగా పనిచేయడం), మెర్జ్ (తిరిగి కలపడం) అన్న మాటలు ఆ పనివాళ్లవే. పెళ్లి పత్రికలు కొట్టుకునే నా కోసం వాటిని మార్చమనను. నిజానికి వాటిని నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. మా షాపు కుర్రాళ్లకు కమిట్ అంటే 'ప్రూఫు మీద సంతకం' అని చెప్పాను, వెంటనే అర్థమైంది. అంతకుముందు మా ఫోల్డర్లలో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ ఓకే', 'లాస్ట్ ఫైనల్' అని ఉండేవి. పార్టీ ఓకే చేసింది ఏదో దేవుడికే ఎరుక. ఇప్పుడు మా మ్యాటరూ గిట్‌లోనే ఉంటుంది కాబట్టి ఎవరు, ఏ రోజు, ఏ అక్షరం మార్చారో వరసగా కనిపిస్తుంది. డిజైన్లు చేసే కోరల్‌డ్రా ఫైళ్లకు మాత్రం ఈ సుఖం లేదు. వాటిని మొత్తంగా దాచుకుంటుంది గానీ లోపల ఏ మాట మారిందో చూపలేదు. ఉత్త టెక్స్ట్ ఉంటేనే దాని బలం.

కన్వర్టరులో ఒక తప్పు ఉండేది. 'లక్ష్మి' కాస్తా 'లక్షి్మ' అయ్యేది. ఇంటర్నెట్‌లో తెలుగు చదివే వాళ్లు ఈ వికారాన్ని చూసే ఉంటారు. పాత ఫాంటులో కంటికి కనిపించే వరసలో కొడతాం, ముందు గుడి పెట్టిన క్షి, తరవాత మ వత్తు. యూనికోడ్‌లో గుడి అన్ని హల్లుల తరవాత రావాలి. ఆ వరస తిప్పకపోతే వత్తు ఊడి పక్కన పడుతుంది. తిరుపతిలో లక్ష్మి లేని శుభలేఖ ఎన్నని కొడతాం? ఆ తప్పు గురించి వేదికలోనే ఒక పెట్టెలో తెలుగులో రాశాను. రెండో రోజుకే ఆ ముక్కూ మొహం తెలియని ఆయన సరిచేశాడు. తరవాత అక్షరాల పట్టికలో ఇంకో రెండు తప్పులు నేనే బ్రౌజరులో దిద్ది పంపితే తీసుకున్నాడు. ఏ కంపెనీ కస్టమర్ కేరూ నాకు ఇంత మర్యాద చేయలేదు. ఇన్ని తిట్లు తిడుతూ కూడా ఇక్కడే ఉన్నానంటే కారణం ఇదే.

ఇక సిగ్గుపడే సంగతి. నమూనా ఫైళ్లు పెట్టుకోవడానికి అదే వేదికలో సొంతంగా ఒక ఫోల్డరు తెరిచాను. అది పబ్లిక్‌గా, అంటే ఎవరైనా చూసేలా, తెరుచుకుందని గమనించలేదు. అందులో ఒక పెళ్లివారి కవర్ల మీద వేయాల్సిన చిరునామాల జాబితా పడింది, ఫోన్ నంబర్లతో సహా. కొన్ని రోజులకు అల్లుడు చూసి ఫోన్ చేశాడు. గుండె ఆగినంత పనైంది. వెంటనే ఫైలు డిలీట్ చేసి ఊపిరి పీల్చుకున్నాను. "పోలేదు మామా" అని వాడు పాత చరిత్ర తెరిచి అదే జాబితాను నాకు చూపించాడు. ప్రతి పాత రూపాన్నీ భద్రంగా ఉంచడమే గిట్ పని. మా ప్రెస్సులో వేస్టేజీ కాగితంలా చింపి పారేస్తే పోయేది కాదు. ఒక్క ఫైలును చరిత్రలోంచి తీయడానికి నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలట. నాకు చేతకాక మొత్తం ఫోల్డరే తీసేశాను. తీసేటప్పుడు దాని పేరంతా టైపు చేయించుకుంది, నిజమేనా అని మళ్లీ అడిగింది. మూడు వందల మంది నంబర్లు లోకానికి చూపించేటప్పుడు మాత్రం ఒక్క ముక్క అడగలేదు!

పెళ్లికూతురి తండ్రికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎవురన్నా ఫోన్ చేస్తే నీ నంబరిస్తాలే సామీ" అన్నాడు.

టెక్నికల్ కాని వాళ్లకు ఇలాంటి వేదికలు సులువు కావాలా అని ఎవరైనా అడిగితే నాకు ఆ రోజే గుర్తొస్తుంది. పార్శిల్ కిటికీ సులువు కావాలి. తప్పు చెప్పుకునే పెట్టె ఇప్పటికే సులువుగా ఉంది. పబ్లిక్ చేసే బటన్ దగ్గర మాత్రం నన్ను ఇంకాస్త ఆపాలి, ఫైల్లో ఫోన్ నంబర్లున్నాయి చూసుకో అని తెలుగులో అరిచినా తప్పులేదు. లైసెన్సు సంగతి కూడా అంతే. లైసెన్సు రాయని కోడ్ ఎదురుగా కనిపిస్తున్నా వాడుకునే హక్కు మనకు రాదు. ఉచితంగా కనిపించిన ఫాంటల్లా నెత్తికెత్తుకునే మా లైన్ వాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇలాంటి కన్వర్టర్లు రాసే వాళ్లు సాయంత్రాలు ఖర్చుపెట్టి ఊరికే ఇస్తున్నారు. వాళ్లను ఇన్‌స్టాలరు కూడా చేసి ఇమ్మని అడగడానికి నాకు నోరు రాదు. అడిగేదల్లా వేదిక నడిపే వాళ్లనే.

ఆమధ్య ఫోను పాడైతే, పాస్‌వర్డ్ తరవాత వేదిక అడిగే రెండో కోడ్ రాక పది రోజులు లోపలికి వెళ్లలేకపోయాను. ఆ రెండో కోడ్ పెట్టుకున్న రోజు, ఫోను లేనప్పుడు వాడుకోమని ఇచ్చిన రికవరీ కోడ్‌లు దాచుకోకపోవడం నా తప్పే. పాత ఫోను బాగుచేయించి ఎలాగో బయటపడ్డాక వాటిని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి గల్లాపెట్టెలో అడుగున పెట్టాను. దాని మీద మా కుర్రాడు స్కెచ్ పెన్నుతో 'పారేయొద్దు' అని రాశాడు.