డబ్బాలో పట్టుపురుగులు: కొరియా ‘బొండెగి’పై సమీక్ష

సియోల్‌లో చిన్న కిరాణా దుకాణంలో కూడా చేపల డబ్బాల పక్కన ‘బొండెగి’ డబ్బా కనిపిస్తుంది. పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాలను (గూటిలోపల ఉండే పట్టుపురుగులను) మసాలా కలిపిన ఉప్పునీటిలో ఉడికించి సీలు వేస్తారు. మూత లాగగానే వచ్చే వాసన హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ కేంద్రాలు ఎరిగినవారికి కొత్త కాదు గానీ, ఇక్కడ అందులో కుళ్లు లేదు. ఎండుచేపలకూ ఉడికిన వేరుశనగకాయలకూ మధ్యస్థంగా ఉంటుంది. ముదురు గోధుమరంగు, ఒంటినిండా మడతలు. కొరికితే పైతొక్క చిట్లి ముందు రసం వస్తుంది, తర్వాత పిండిపిండిగా నలుగుతుంది. నేరుగా తింటే సాధారణమే. నీరు వంపేసి, పచ్చిమిరపకాయలతో పెనం మీద వేయిస్తే బాగుంటుంది, పైగా ఉప్పులో కొంత ఆ నీటితోనే పోతుంది.

పోషకాల విషయంలో ప్రచారాన్ని కాస్త తగ్గించి చదవాలి. ప్యూపాలో సగానికి పైగా మాంసకృత్తులే అన్న మాట ఎండబెట్టిన ప్యూపా బరువుకు చెప్పినది; డబ్బాలో ఉన్నది నీరు పీల్చిన ప్యూపా కాబట్టి ఆ అంకెను దానికి అంటగట్టకూడదు. మరొక చిక్కు లెక్కకట్టే పద్ధతిలో ఉంది. ఆహారంలోని నత్రజనిని 6.25తో హెచ్చవేసి మాంసకృత్తులు ఎంతో చెప్పడం పరిపాటి, కానీ కీటకాల తొక్కలోని కైటిన్ అనే గట్టి పదార్థంలోనూ (ఇది మాంసకృత్తు కాదు) నత్రజని ఉండటంతో ఆ లెక్క ఎక్కువ చూపుతుంది. కొన్ని కీటకాలపై జరిగిన పరిశోధన 6.25కు బదులు 4.76తో హెచ్చవేస్తే సరిపోతుందని సూచించింది. ఇంత తగ్గించి చూసినా ఇది చిరుతిండిగా చిప్స్ కంటే ఎంతో మేలు. కొవ్వులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఒక రకం ఒమేగా-3 కొవ్వు) గణనీయంగా ఉండటం నాకు నచ్చిన అంశం.

భద్రత సంగతికొస్తే, సింగపూర్ ఆహార సంస్థ 2024 జులైలో అనుమతించిన 16 రకాల కీటకాలలో పట్టుపురుగు ఉంది. మల్బరీ ఆకు మీద పురుగుమందు పడితే పట్టుపురుగే ముందు చస్తుంది కనుక రైతులు మందుల విషయంలో జాగ్రత్తపడక తప్పదు. అది మంచిదే, అయితే పూర్తి హామీ మాత్రం కాదు. అసలు ప్రమాదం అలర్జీ. రొయ్యలు, పీతలు పడనివారు దీన్ని రుచికైనా ముట్టకూడదు, ఎందుకంటే ఆ జీవుల్లోనూ కీటకాల్లోనూ అలర్జీ కలిగించే మాంసకృత్తులు దగ్గరి పోలికలు గలవి, ఉడికించినంత మాత్రాన వాటి గుణం పోదు. ఉబ్బిన డబ్బాను తెరవకుండానే పారేయాలి.

మన ఊళ్లలో రీలింగ్ తర్వాత మిగిలే ప్యూపా కోళ్లకు, చేపలకు మేతగా పోతుంది కదా, దాన్నే తెచ్చి వేయించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. కొవ్వు ఎక్కువగా ఉన్న ఆ తడి ప్యూపా త్వరగా ముక్కిపోతుంది, పైగా మేతకోసం కుప్పపోసిన దానికి తిండికి కావలసిన శుభ్రత ఎవరూ పాటించరు. డబ్బా సరుకుకు ఆ బెడద లేదు, కానీ తెరిచాక మిగిలింది గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా ముగించాలి.