ఆత్రేయపురం పూతరేకులు: బెల్లం బాక్స్ కొనండి, చాక్లెట్ది వద్దు

రావులపాలెం దాటి ఆత్రేయపురం వైపు తిరిగితే ఇక రోడ్డుకి అటూ ఇటూ పూతరేకుల బోర్డులే, ఏ షాపులో ఆగాలో తెలీదు. మేం జనం ఎక్కువున్న దాంట్లో ఆగాం. పేరు రాయట్లేదు, ఎందుకో కింద చెప్తా.

ముందు టేస్ట్. బెల్లం, జీడిపప్పు వేసింది అదిరింది, నెయ్యి వాసన బాక్స్ తెరవగానే తెలుస్తుంది, రేకు నోట్లో పెట్టుకున్నాక నమలక్కర్లేదు. పంచదారది ఓకే. చాక్లెట్ పూతరేకు మాత్రం ఎవరి ఐడియానో గానీ మా పిల్లలే సగం తిని పక్కన పెట్టేశారు. బాదం పిస్తా రకాలకి రేటు ఎక్కువ, అంత తేడా నాకైతే కనపళ్ళేదు.

షాపు వెనక ఒకావిడ రేకులు తీస్తున్నారు, వీలైతే అది చూడకుండా రాకండి. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట, జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగుతారు, అంతే, రేకు లేచిపోద్ది. "మంట తగ్గితే రేకు రాదండి, ఎక్కువైతే మాడిపోద్ది ఆయ్" అన్నారు కుండ మీంచి చూపు తిప్పకుండానే.

నాకు నచ్చిన పాయింట్ ఇక్కడే ఉంది. ఇక్కడ రేకు ఇప్పటికీ చేత్తోనే తీస్తున్నారు కాబట్టి షాపుకి గిరాకీ పెరిగితే మిషన్ కొంటే సరిపోదు, ఇంకో నాలుగిళ్ళలో కుండ పెట్టించాలి. చాలా షాపులు రేకులు ఊళ్ళో ఇళ్ళ నుంచే కొంటాయి, ఆడవాళ్ళు ఇంటి పని చూసుకుంటూ తీసి లెక్కన ఇస్తారు, షాపులో నెయ్యి రాసి చుట్టి ప్యాక్ చేస్తారు. అంటే ఒక కొత్త షాపు పడితే నెయ్యి అమ్మేవాళ్ళకి, అట్టపెట్టెలవాళ్ళకి, కొరియర్ వాళ్ళకి, కొబ్బరాకులు తెచ్చేవాళ్ళకి కూడా పని. మా ఊరికి ఫ్యాక్టరీ రావాలి అని ఎదురుచూసేవాళ్ళు ఒకసారి ఇక్కడికొచ్చి చూడాలి.

2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) కూడా వచ్చింది, కాటన్ దొర పేరు పెట్టుకున్న తయారీదార్ల సంఘం పేరు మీద. గోదావరి జిల్లాల్లో ఆయన పేరు లేకుండా ఏ పనీ మొదలవ్వదు లెండి. కానీ ట్యాగ్ వచ్చినంత మాత్రాన హైదరాబాద్‌లో ప్రతి స్వీట్ షాపు వాడూ పెట్టుకున్న "ఆత్రేయపురం" బోర్డు ఊడిపోలేదు, ఆ పేరుకొచ్చే డబ్బులు ఊరికి ఎంత చేరుతున్నాయో డౌటే. ఊళ్ళో కూడా బ్రాండు, బాక్సు, ఆన్‌లైన్ ఆర్డర్లు షాపు చేతిలో ఉన్నాయి కాబట్టి లాభం అక్కడే ఎక్కువ ఆగుతుంది, పొగలో కూర్చునేది మాత్రం రేకు తీసే ఆవిడ. జీడిపప్పు పెరిగిందని బాక్స్ రేటు పెంచినప్పుడు రేకు రేటు కూడా పెంచారా అని కౌంటర్లో అడిగా, నవ్వి బిల్లు చేతిలో పెట్టారు.

ఇక కంప్లైంట్. ఇంటికొచ్చాక ఇదే షాపు నుంచి పార్సిల్ తెప్పిస్తే సగం రేకులు పొడైపోయి వచ్చాయి, బాక్స్ మీద తయారుచేసిన తేదీ కూడా లేదు, ఫోన్ చేస్తే కొరియర్ వాడిదే తప్పన్నారు. పేరు రాయనిది అందుకే, ఒక్క పార్సిల్ చూసి వాళ్ళ గిరాకీ పోగొట్టడం ఇష్టం లేదు.

అటు వెళ్తే మాత్రం ఆగండి, అప్పుడే చుట్టినవి అడిగి తీసుకోండి, కార్లో బాక్స్ మీద బ్యాగులు పెట్టకండి. టేస్ట్‌కి ఐదుకి నాలుగున్నర, పార్సిల్‌కి రెండు.