కోతల్లేని టామ్ అండ్ జెర్రీ కోసం సియాటిల్, పోర్ట్‌లాండ్ తిరుగుడు

పాత కార్టూన్లు కత్తెర పడకుండా చూడాలనుకునేవాళ్ళు ముందు ఒకటి తేల్చుకోవాలి, చూస్తే చాలా లేక కొని ఇంట్లో పెట్టుకోవాలా అని. చూడ్డానికి సియాటిల్, కొనడానికి పోర్ట్‌లాండ్, నా లెక్క ఇదీ. రెండిటికీ మధ్య రైల్లో మూడున్నర గంటల ప్రయాణం. 2023 ఆగస్టులో సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్ళినప్పుడు రెండు ఊళ్ళూ ఇదే పని మీద తిరిగాను. "ఏమయ్యా మరిదీ, అందరూ మౌంట్ రెయినియర్ చూడ్డానికొస్తారు, నువ్వు టామ్ అండ్ జెర్రీ చూడ్డానికొచ్చావా?" అని మా వదిన రోజూ దెప్పుతూనే ఉంది. రెయినియర్ ఆవిడ కిటికీలోంచే కనిపిస్తుంది, దానికోసం వేరే పోవాలా!

ఇంతకీ అంత తిరగడమెందుకంటే, 1995లో మన దగ్గర కార్టూన్ నెట్‌వర్క్ వచ్చినప్పటి నుంచీ మనం చూసినవే అసలువి అనుకుంటాం కదా (రాత్రయ్యేసరికి అదే చానల్లో టీఎన్‌టీ పాత ఇంగ్లిష్ సినిమాలు మొదలయ్యేవి, గుర్తుందా), అవన్నీ అసలువి కావు. చాలావరకు కాళ్ళు మాత్రమే కనిపించే ఆ నల్ల పనావిడకి మొదట గొంతిచ్చింది లిలియన్ రాండాల్ఫ్. 1960ల్లో అమెరికా టీవీ కోసం కొన్ని బొమ్మల్లో ఆవిడను తీసేసి ఒక తెల్లావిడను గీశారు, జూన్ ఫోరే చేత మాటలు చెప్పించారు. 1990ల్లో ఇంకోసారి థియా విడాల్ గొంతుతో డబ్బింగ్ చేయించారు. బాంబు పేలాక మొహం నల్లబడే జోకులైతే చాలాచోట్ల ఎగిరిపోయాయి. అవి నల్లవాళ్ళను వెక్కిరించేవే, పిల్లల చానల్లో వెయ్యకపోవడం సబబే. కానీ పెద్దయ్యాక, 1940ల్లో అసలేం తీశారో అలాగే చూడాలనుకుంటే దారి ఉండాలి కదా.

అప్పట్లో అందరూ వెతికినవి ముఖ్యంగా రెండు, 1948 నాటి "మౌస్ క్లీనింగ్", 1951 నాటి "కాసనోవా క్యాట్". ఆ నల్లమొహం జోకుల వల్లే 2007లో వచ్చిన డీవీడీ సెట్టులో ఇవి లేవు. 2013లో రావాల్సిన బ్లూరే రెండో భాగంలోనూ ఉండవని తెలిసి జనం గోల చేస్తే ఏకంగా ఆ విడుదలే ఆగిపోయింది. అయితే 1990ల మొదట్లో ఎంజీఎం/యూఏ కంపెనీ వేసిన "ది ఆర్ట్ ఆఫ్ టామ్ అండ్ జెర్రీ" లేజర్ డిస్క్ (డీవీడీలకు ముందు ఉన్న పెద్ద వీడియో డిస్కు) సెట్టులో రెండూ ఉన్నాయి. దానిలో మిగతావన్నీ నూటికి నూరు పాళ్ళూ ముట్టుకోనివే అని చెప్పను గానీ ఈ రెండిటికీ మాత్రం ఢోకా లేదు. నేను పోయింది దానికోసమే.

సియాటిల్‌లో స్కేర్‌క్రో వీడియో. లైట్ రైల్ యూ డిస్ట్రిక్ట్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు, కారుంటే పార్కింగ్ వెతుక్కోవడమే పెద్ద తలనొప్పి. 1988 నుంచి ఉన్న అద్దె వీడియో షాపు, 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మారింది, లక్షా నలభై వేలకు పైగా టైటిల్స్. వీహెచ్ఎస్, లేజర్ డిస్క్, డీవీడీ అన్నీ అద్దెకే ఉంటాయి. కౌంటర్ దగ్గర కుర్రాడు నేను పేరు చెప్పడం పూర్తి చెయ్యకముందే "బొగ్గు సీను కోసమేనా?" అన్నాడు. సర్వీసుకి పదికి పది ఇక్కడే వేసేశాను. అరుదైన వాటికి డిపాజిట్ కట్టాలి, లోకల్ అడ్రస్ ఉన్న మనిషి తోడుంటే పని తేలిక, మా అన్నయ్య కార్డు మీద తెచ్చుకున్నాం. 2024లో ఈ షాపు నిలబడాలంటే 18 లక్షల డాలర్లు కావాలని వాళ్ళే బయటికొచ్చి అడిగారు, కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు వాయిదా వెయ్యకండి.

ప్లేయర్ సంగతి వేరే కథ. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత పయనీర్ ముందే కొనిపించి అన్నయ్య గరాజ్‌లో పెట్టించాను, ట్రే బయటికి తోసే రబ్బరు బెల్టు గట్టిపడిపోయి వేలితో లాగితే గానీ రాలేదు. డిస్కు పళ్ళెమంత ఉంటుంది, ముప్పై సెంటీమీటర్లు, ఒక్కో వైపు గంట లోపే, మధ్యలో లేచి తిప్పాలి. ఇక బొమ్మ. బొగ్గు లారీ వచ్చి కిటికీలోంచి బొగ్గంతా కుమ్మరిస్తే ఇల్లంతా నిండిపోతుంది, అందులోంచి టామ్ నల్లటి మొహంతో తల బయటపెడతాడు, పిల్లిని చూశావా అని పనావిడ అడిగితే ఆ కాలపు సినిమాల్లో నల్ల నౌకరుకి పెట్టే నత్తనడక యాసలో లేదమ్మా అంటాడు. నవ్వు రాలేదు నాకు. కానీ దానికి ముందు టామ్ కంగారుగా ఇల్లు తుడుచుకునే ఆరేడు నిమిషాలు ఎంత బాగా కుదిరిందో! ఆఖరి ఆ కాసిని క్షణాల కోసం మొత్తం బొమ్మనే దాచేశారనేది అప్పుడు బాగా తెలిసింది.

పోర్ట్‌లాండ్‌కి ఆమ్‌ట్రాక్ కాస్కేడ్స్‌లో వెళ్ళండి, కారు వద్దు. ఒకప్పుడు ఈ రైలు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ పక్కనే చాలాసేపు వెళ్ళేది, 2021 చివర్లో దారి మార్చేశారు. బస మాత్రం నాకు కుదరలేదు. డౌన్‌టౌన్‌లో ఒక చవక హోటల్, ఫొటోలో ఉన్న గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి, రాత్రంతా ఏసీది లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు చప్పుడు. నది దాటి తూర్పు వైపు తీసుకోండి, తిరగాల్సిన షాపులు ఎక్కువగా అటే.

బెల్మాంట్ వీధిలో మూవీ మ్యాడ్‌నెస్ ఉంది, 15వ నంబరు బస్సు నేరుగా పోతుంది. ఇదీ అద్దె షాపే, హాలీవుడ్ థియేటర్ వాళ్ళు 2017లో తీసుకున్నారు. అద్దాల అల్మారాల్లో సినిమాల్లో వాడిన దుస్తులూ సామాన్లూ ఉంటాయి, "సైకో" కత్తితో సహా, పిల్లలకి కూడా బాగుంటుంది. కానీ కార్టూన్ల వేటకి స్కేర్‌క్రోయే మేలు.

కొనుగోళ్ళకి పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న మిల్వాకీలోని గుడ్‌విల్ ఔట్‌లెట్ (వాడిన సామాన్లు అమ్మే చోటు), స్థానికులు "బిన్స్" అంటారు. ఆరెంజ్ లైన్ రైలు దిగి కాస్త నడవాలి. నీలం రంగు పెద్ద తొట్ల వరసలు, ఎక్కువ సామాను తూకానికే. కొత్త వరస తోసుకొచ్చినప్పుడు పనివాళ్ళు సైగ చేసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు, గ్లవ్స్ వేసుకుని కాచుకుని ఉంటారు, సైగ రాగానే తిరుపతి లడ్డూ కౌంటర్ గుర్తొస్తుంది. గ్లవ్స్ మీరే తీసుకెళ్ళండి. నాకు ఒక లూనీ ట్యూన్స్ లేజర్ డిస్క్, కొన్ని క్యాసెట్లు దొరికాయి, ఆర్ట్ ఆఫ్ టామ్ అండ్ జెర్రీ మాత్రం దొరకలేదు. వారాంతంలో జరిగే ఒక సంతలో "అన్‌కట్, అన్‌సెన్సార్డ్" అని మార్కర్‌తో రాసిన డీవీడీలు ఒకాయన ఇరవై ఐదు డాలర్లకి అమ్ముతున్నాడు. అవి టీవీ నుంచి రికార్డు చేసినవే, మూలన చానల్ లోగో కూడా ఉంది. అడిగితే లోగో పట్టించుకోకండి అన్నాడు.

పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో సేల్స్ టాక్స్ లేదు, సియాటిల్‌లో 10 శాతం పైనే, ఖరీదైనది కొంటే తేడా తెలుస్తుంది. డబ్బులిచ్చే ముందు లేజర్ డిస్కుని లైటు కింద వాల్చి చూడండి, ఉపరితలం బాగున్నా లోపలి పొర పాడైతే తెర మీద రంగు చుక్కలు మంచులా కురుస్తాయి, అందుకే వేసి చూపించని చోట పెద్ద మొత్తం పెట్టకండి. మన దేశానికి ప్లేయర్ తెచ్చుకోవాలంటే మన 230 వోల్టులకి సరిపడే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇక డిస్కులు చెకిన్ సూట్‌కేస్‌లో పెట్టొద్దు, పాటల రికార్డులకి వాడే అట్టపెట్టెలో పెట్టి చేతిలోనే మోసుకురండి.