‘క్రైసిస్’ సంపుటం ఒక్కటే చాలా, అనుబంధ సంచికలన్నీ కావాలా?

1981లో అమెరికన్ కామిక్స్ సంస్థ డీసీ వేసే ‘గ్రీన్ లాంటర్న్’ అనే సూపర్‌హీరో బొమ్మల కథల పత్రిక ఉత్తరాల పుటలో ఒక పాఠకుడు చిన్న నిలదీత పెట్టాడు. మూడేళ్ల క్రితం గ్రీన్ లాంటర్న్‌తో కలిసి పనిచేసిన మనిషి ఇప్పుడు ఎదురుపడితే అతణ్ణి గుర్తుపట్టకపోవడం ఏమిటని. అప్పుడు ఆ పత్రికకు పనిచేస్తున్న రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, ఏదో ఒక రోజు ఈ చిక్కులన్నీ విప్పుతాం లెమ్మన్న ధోరణిలో జవాబిచ్చాడు. ఆ జవాబు ఆయన్ను వదల్లేదు. కొన్నేళ్లకు అది ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ అయి కూర్చుంది. ముఖచిత్రాల మీది తేదీల ప్రకారం 1985 ఏప్రిల్ నుంచి 1986 మార్చి దాకా 12 సంచికలు, బొమ్మలు జార్జ్ పెరెజ్‌వి. అంటే కంటిన్యుటీ మీద, అదే ఒక కథకూ మరో కథకూ పొంతన మీద, అభిమానుల తగాదా ఈ పుస్తకం వచ్చాక మొదలైంది కాదు, ఈ పుస్తకమే ఆ తగాదాలోంచి పుట్టింది. ఇప్పటికీ తెగని ప్రశ్నలు రెండున్నాయి. 12 సంచికల సంపుటం ఒక్కటే చదివితే సరిపోతుందా, ఆ కథకు ముడిపడి ఇతర పత్రికల్లో వచ్చిన అనుబంధాలను కూడా వరసలో పేర్చుకోవాలా? ఇంతకీ ఈ వీరుల కథలకు చాలా భూములుండటం మేలా, ఒక్కటే ఉండటం మేలా?

నేపథ్యం నాలుగు మాటల్లో చెప్తాను. 1961లో ‘ఫ్లాష్’ 123వ సంచికలో బ్యారీ అలెన్ తన కంటే పాత తరం ఫ్లాష్ అయిన జే గారిక్‌ను కలుసుకున్నాడు. 1940ల నాటి వీరులు మరో భూమి మీద ఉన్నారని అక్కడ తేల్చారు. కొత్తవాళ్లది ఎర్త్-వన్, పాతవాళ్లది ఎర్త్-టూ. తర్వాత దుష్టులే రాజ్యమేలే ఎర్త్-త్రీ, ఇతర ప్రచురణకర్తల నుంచి కొనుక్కున్న పాత్రలకు ఎర్త్-ఫోర్, ఎర్త్-ఎస్, ఎర్త్-ఎక్స్ ఇలా పుట్టుకొచ్చాయి. కొత్త పాఠకులు ఈ లెక్కలకు బెదిరిపోతున్నారని డీసీ సంస్థ భావించింది. యాభయ్యో ఏట అన్నిటినీ కలిపి ఒకే భూమి చెయ్యాలనుకుంది. అందుకోసం పాత సంచికలన్నీ చదివి పెట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషినే నియమించారు. ఆ ఉద్యోగం నాకు దొరకలేదే అని చాలాసార్లు అనుకున్నాను.

ముందు మొదటి ప్రశ్న. అనుబంధాలు కావాలనేవాళ్ల వాదనలో బలముంది, దాన్ని కొట్టిపారెయ్యను. పదో సంచికలో ఎర్త్-ప్రైమ్ (వీరులు కామిక్స్‌లో మాత్రమే ఉండే, మనదిలాంటి భూమి) సూపర్‌బాయ్ ఉన్నట్టుండి రంగంలోకి దిగుతాడు. సంపుటం మాత్రమే చేతిలో ఉన్నవాడికి ఈ కుర్రాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో అర్థం కాదు. అతని కథ ‘డీసీ కామిక్స్ ప్రెజెంట్స్’ 87వ సంచికలో ఉంది. మానిటర్ అనే పాత్ర కూడా 1982 నుంచే వేరే పత్రికల్లో నీడలా తిరుగుతూ, నేరగాళ్లకు ఆయుధాలు సమకూర్చేవాడిగా కనిపించాడు. అదంతా తెలిసినవాడికి అతని అసలు ఉద్దేశం బయటపడ్డప్పుడు కలిగే ఆశ్చర్యం, తెలియనివాడికి కలగదు. ఇక రాయ్ థామస్ రాసిన ‘ఆల్-స్టార్ స్క్వాడ్రన్’ సంగతి. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఎర్త్-టూ వీరుల పత్రిక అది. వాళ్ల లోకమే చెరిగిపోతోంది కాబట్టి, ఆ పత్రికను నెలనెలా చదివినవాళ్లకు అనుబంధాలే అసలు కథ.

మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ నిద్ర ఉంది కదా, ఇదీ అలాంటిదే. వాల్మీకి పట్టించుకోకుండా వదిలేసిన పద్నాలుగేళ్లను ఆ పాట పూరించింది. తెలిస్తే రామాయణం ఇంకాస్త నిండుగా ఉంటుంది. తెలియకపోతే రామాయణం ఆగదు.

‘క్రైసిస్’ కూడా ఆగదు. పైగా అనుబంధాలను మధ్యలో దూరిస్తే కథ నడక చెడుతుంది. రెండో సంచికలో బ్యాట్‌మన్ కళ్ల ముందు ఫ్లాష్ ప్రత్యక్షమై, వేడుకుంటూ, కరిగిపోతాడు. అది ఏమిటో ఎవరికీ తెలియదు. ఎనిమిదో సంచికలో, లోకాలను నాశనం చేస్తున్న దుష్టుడు యాంటీ-మానిటర్ కట్టిన ఫిరంగిని నాశనం చేస్తూ బ్యారీ పరుగు తీస్తాడు. ఆ పరుగు కాలంలో వెనక్కి పోతుంటే, మనం ఇదివరకు చూసింది అతని చావునే అని తెలుస్తుంది. ఈ ముడి పడి విడటానికి మధ్య ఆరు సంచికల ఊపు కావాలి. వాటి నడుమ ముప్పై నలభై ఇతర సంచికలు చేరితే, రెండో సంచికలో చూసింది ఎనిమిదికి వచ్చేసరికి మరచిపోతాం. 2018 నుంచి అనుబంధాలను విడిగా మూడు సంపుటాలుగా వేశారు. అలా విడిగా ఉంచడమే సరైన పని. అసలు కథ పూర్తయ్యాక, ఇష్టమైనవాళ్లు తీరిగ్గా తిరగెయ్యవచ్చు.

సంపుటం ఒక్కటే చాలని నేననడానికి ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ఏడో సంచికలో సూపర్‌గర్ల్ చనిపోతుంది. ఆమె శరీరాన్ని చేతుల్లో పట్టుకుని ఏడుస్తున్న సూపర్‌మ్యాన్ ముఖచిత్రాన్ని పుస్తకం చదవనివాళ్లు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. లోపల షికాగోలో సంస్మరణ సభ జరుగుతుంది, బ్యాట్‌గర్ల్ మాట్లాడుతుంది. ఆ తర్వాత ఏమైంది? 1986లో జాన్ బర్న్ ఆరు సంచికల ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’తో సూపర్‌మ్యాన్ కథను మొదటి నుంచి తిరగరాశాడు. కొత్త లెక్క ప్రకారం క్రిప్టాన్ నుంచి బతికి బయటపడ్డది అతనొక్కడే. అంటే అతనికి ఆ చెల్లెలు ఎన్నడూ లేదు. ఆమె చావలేదు, అసలు పుట్టనే లేదు. ఆ సభ జరగలేదు, ఆ కన్నీళ్లు ఎవరూ కార్చలేదు.

సంపుటం పదకొండు, పన్నెండు సంచికల్లో మాత్రం కాలం మొదట్లో పోరాడిన వీరులకు పాత భూములన్నీ గుర్తుంటాయి. ఎర్త్-టూ సూపర్‌మ్యాన్ తన లోకం ఉండవలసిన చోటికి పోయి చూస్తే అక్కడ శూన్యం. తన భార్య లోయిస్ లేదు. అతని దుఃఖం మీదే ఆ రెండు సంచికలు నిలబడ్డాయి. తర్వాతి పత్రికలు ఆ జ్ఞాపకాన్నే తుడిచేశాయి. కాబట్టి ‘క్రైసిస్’ కంటిన్యుటీలో ఎక్కడ ఇముడుతుందని అడిగితే, ఎక్కడా ఇమడదనే చెప్పాలి. ముందున్న లోకాలను అది చెరిపింది, వెనక వచ్చిన లోకం దాన్ని చెరిపింది. సూపర్‌గర్ల్ మరణం నిజంగా జరిగిన చోటంటూ ఉంటే, అది ఈ అట్టల మధ్యే. అలాంటి పుస్తకాన్ని బయటి పత్రికలతో తూచి తప్పొప్పులు ఎంచడం నాకు నచ్చదు.

రెండో ప్రశ్నకు వస్తే, ఒక్క భూమి పక్షం వాళ్లకు నా దగ్గర అంత ఓపిక లేదు. చిక్కులు తీర్చడానికి చేసిన పని ఎన్ని కొత్త చిక్కులు తెచ్చిందో చూడండి. పవర్‌గర్ల్ ఎర్త్-టూ సూపర్‌మ్యాన్ చెల్లెలు. ఆ లోకం పోయాక ఆమెకు పుట్టుపూర్వోత్తరాలు లేకుండా పోయాయి, అట్లాంటిస్ మాంత్రికుడు ఏరియన్ వంశంలో తెచ్చి అతికించారు. వండర్ వుమన్ 1987లో కొత్తగా మొదలైంది. అయితే ఆమె పెంపకంతో ముడిపడిన డోనా ట్రాయ్ అప్పటికే ఏళ్ల తరబడి టైటన్స్ అనే కుర్ర వీరుల బృందంలో ఉంది. సూపర్‌బాయ్ లేడన్నారు, అతణ్ణి చూసి స్ఫూర్తి పొంది ఏర్పడిన భవిష్యత్తు కాలపు వీరుల బృందం లీజియన్ మాత్రం ఉంది. హాక్‌మ్యాన్ కథ ముడి మీద ముడి పడి చివరికి ఎవరికీ కొరుకుడు పడలేదు. 1994లో ‘జీరో అవర్’ పేరుతో మళ్లీ సర్దారు. 2005లో ‘ఇన్ఫినిట్ క్రైసిస్’ మొదలైంది, దాని వెనకే వచ్చిన ‘52’ చివర్లో 52 లోకాలు తిరిగి వచ్చాయి. ఇరవై ఏళ్లు సర్దుకుని బయల్దేరిన చోటికే చేరారన్నమాట. ఎర్త్-వన్, ఎర్త్-టూ అనే లెక్క పదేళ్ల పిల్లలు కూడా పట్టుకోగలిగిన లెక్క. అర్థం కానిది పెద్దవాళ్లకే.

ఒక్క భూమి వల్ల మేలే జరగలేదని అనను. పెరెజ్ తానే చేపట్టిన వండర్ వుమన్, బ్యారీ స్థానంలో ఫ్లాష్ అయిన వాలీ వెస్ట్, ఈ రెండూ ఆ ఖాళీ లేకపోతే వచ్చేవి కావు.

చివరగా, సంపుటం మాత్రమే చాలన్న నా మాటకు నేనే ఒక మినహాయింపు ఇస్తాను. మొదటి సంచిక తెరిచే ముందు ‘ఫ్లాష్’ 350 చదవండి. హత్యారోపణ మీద రెండేళ్లపాటు సాగిన విచారణ అందులో ముగుస్తుంది. చనిపోయిందనుకున్న భార్య ఐరిస్ బ్యారీకి భవిష్యత్తులో మళ్లీ దొరుకుతుంది. ఫ్లాష్ తన కాలంలో లేకుండా ఎక్కడికి పోయాడో సంపుటం వివరంగా చెప్పదు, ఆ సంచిక చెప్తుంది. చివరి పుటలో ఇద్దరూ సుఖంగా ఉన్నారని రాసి, పక్కనే ‘కొంతకాలం’ అని చేర్చారు.