విజయనగరంలో టీ సామాన్ల గది

విజయనగరం వెళ్ళినవాళ్ళు 1713 నాటి కోట చూస్తారు, గంటస్తంభం దగ్గర ఫొటో దిగుతారు, గురజాడ ఇంటికి వెళ్ళి వస్తారు. నేను ఎక్కువసేపు ఉండిపోయింది మాత్రం కోటకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత ఇంట్లో పెట్టిన చిన్న ప్రదర్శనశాలలో. మేడ మీద కత్తులు, పల్లకీ మామూలే. కింద టీ సామాన్ల గది చూడాలి.

గదిలో దీపాలన్నీ బంగారు అంచు పింగాణీ కప్పుల మీదే. అసలు సరుకు తలుపు చాటున ఉంది. నడుమెత్తు ఇత్తడి బాయిలరు: మధ్యలో బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలే చిల్లుల పళ్ళెం. కొళాయి మొదట్లో మాటు మీద మాటు వేశారు. లోపల కళాయి చాలాచోట్ల పోయి ఇత్తడి బయటపడింది. కింద చీటీ మీద ‘పాత్ర’ అని రాసి ఊరుకున్నారు!

“ఇది ఎవరిదండీ?” అని అక్కడి పెద్దాయనను అడిగాను.

“స్టేషను ఎదుట టీ కొట్టుదండి. గ్యాసు పొయ్యి వచ్చాక అటకెక్కించారు. తూకానికి అమ్మేస్తుంటే మేం తెచ్చుకున్నాం.”

దాని పైన గోడకు తుప్పు పట్టిన రేకు బోర్డు, టీ ఎలా కాచాలో తెలుగులో, బొమ్మలతో. 1930లలో ఆర్థిక మాంద్యం వల్ల ఎగుమతులు పడిపోయాక, మిగిలిన టీని మనవాళ్ళ చేతనే తాగించాలని తోటల యజమానులు దేశమంతా ప్రచారం నడిపారు. మరిగిన నీళ్ళు ఆకు మీద పోసి అయిదు నిమిషాలు ఉంచాలట, పాలు తర్వాతేనట. కొట్లవాళ్ళు పాలు, చక్కెర దండిగా పోసి ఆకు తగ్గించడం ఆ ప్రచారకులకు కంటగింపు. ఆ పాఠం, దాన్ని లెక్కచేయని బాయిలరు ఒకే గోడ దగ్గర ఉండటం నాకు భలే నచ్చింది. కావాలని పెట్టారో, చోటు లేక పెట్టారో!

విశాఖ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. హౌరా లైను, రాయపూర్ లైను కలిసే జంక్షను కాబట్టి రైలే మేలు. స్టేషను దగ్గర నేను దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు మాత్రం తెల్లవారుజామున లేచినవాళ్ళకే. టీ అడిగితే ఎప్పుడో పోసిన ఫ్లాస్కు తెచ్చారు. మూడు లాంతర్ల కూడలి వైపు నడిచి వెళ్ళి తాగడం నయం. ప్రదర్శనశాలకు పొద్దున్నే వెళ్ళండి. భోజనాల వేళ తాళం వేస్తే మళ్ళీ ఎప్పుడు తీస్తారన్నది పెద్దాయన కునుకును బట్టి ఉంటుంది.